సగం మాత్ర

మంగళవారం, రాత్రి

ఇందుమూలంగా ఇంటిల్లిపాదికీ తెలియజేయడమేమనగా, రేపటి నుంచి ఈ ఇంట్లో కడక్ జొన్నరొట్టె నమిలేటప్పుడు చప్పుడు చేయరాదు.

ఇంటిల్లిపాది అంటే ఈ పూట నేనొక్కడినే; ఖాళీ ఇంట్లో ఆ చప్పుడు మరీ పెద్దగా వినబడుతోంది. నా పెళ్ళాం నాగమ్మ ఆసుపత్రిలో ఉంది. పొద్దున పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, మూతి వంకరపోయింది.

"బీపీ మాత్ర రోజూ వేసుకుంటోందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"తప్పకుండా వేసుకుంటాదమ్మా," అన్నాను గొప్పగా.

"సగమే," అంది నాగమ్మ, మాట ముద్దముద్దగా. "ఇంగో సగం రేపటికి ఉంటాదని."

నాగమ్మ పుట్టినూరు చోరనూరులో వానలు పడని ఏళ్ళలో వాళ్ళమ్మ రొట్టెను సగానికి విరిచి, సగం మర్నాటికి దాచేదట. ఇప్పుడు మాకు రెండు లారీలు తిరుగుతున్నాయి. ఆ సంగతి నాగమ్మ చేతికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఊళ్ళో అందరి గుట్టూ లాగి నవ్వే నాకు, నా వంటింట్లో విరుగుతున్న మాత్ర కనబడలేదు.

"ఏమే, మందులంగడోని కడుపు కొడతాండావే?" అన్నాను. నవ్వింది.

నవ్విందని రాశాను గానీ, నవ్వలేదు. అది నేను పుట్టించిందే. తలపైన వేలాడే సెలైన్ సీసా వైపు చూసి, "సగం చాలప్పా, మిగిలింది తీసిపెట్టమను," అంది.