తాలు కాయలు

తిరుమలాయపాలెం,
ఆదివారం.

అమ్మకు నాగలత నమస్కారాలు. ఇక్కడ మేమందరం బాగానే ఉన్నాం. అంటే తింటున్నాం, పడుకుంటున్నాం, మిరప ఏరడానికి కూలీలను పిలుస్తున్నాం. ఫోన్లో నీకు సరిగా వినపడదని రాస్తున్నాను. వినపడినా ఈ మాట నోటితో చెప్పలేకపోయేదాన్ని.

నువ్వు పంపిన చింతపండు అందింది. మోకాళ్లకు తైలం రాసుకుంటున్నావా? ఏడుస్తున్నానా అని అడిగావు. లేదమ్మా, ఏడుపు రావడం లేదు. రెండోసారి కూడా కడుపు నిలవలేదని నర్సు చెప్పినప్పుడు, మన బూర్గంపాడుకు బస్సు ఎన్నింటికని అడిగానట. "ఏంది నాగా, గట్ల అడుగుతవ్?" అని మీ అల్లుడు నా చెయ్యి పట్టుకున్నారట. ఆ చెయ్యి పట్టుకున్నట్టు కూడా నాకు తెలియలేదు.

"ఆ కంప్యూటరుకు ఏం తెలుసని మిగతా రెండు పిండాలను పారేసింది?" అని రాశావు. చెప్తాను విను. దవాఖానాలో గాజు గిన్నెలో మావి నాలుగు పిండాలు తయారయ్యాయి. అవి పెరిగే తీరును ఫొటోలు తీసి, ఏది నిలుస్తుందో కంప్యూటరు అంచనా వేసి పదికి మార్కులిస్తుంది. రెండింటికి తొమ్మిది దాకా వచ్చాయి. రెండింటికి నాలుగు, మూడు. "ఇది అంచనానే అమ్మా. తక్కువొచ్చినవి కూడా ఒక్కోసారి నిలుస్తయ్. దాచమంటరా?" అని డాక్టరమ్మ నన్నే అడిగింది. ఆయన అప్పుడు మందులకని కిందికి వెళ్లారు.

కంప్యూటరు పారెయ్యలేదమ్మా. నేనే పారేయించాను.

"ఎందుకు మేడం, తాలు తీసెయ్యిండ్రి" అన్నాను. ఎట్లా వచ్చిందో ఆ మాట. చిన్నప్పటి నుంచి కల్లంలో నీ పక్కన కూర్చుని ఎర్రకాయ ఒకవైపు, తెల్లబడ్డ తాలుకాయ ఒకవైపు వేసిన చెయ్యి కదా. డాక్టరమ్మ ఇంకోసారి ఆలోచించుకోమంది. కంప్యూటరే వద్దన్నదని ఆయనకు అబద్ధం చెప్పి, కాగితం మీద ఆయన చేత కూడా సంతకం పెట్టించాను.

ఒక్కోసారి ఒక్కోటి నా కడుపులో పెట్టారు, ఆ మంచివి రెండూ పోయాయి. మళ్లీ పిండాలు చెయ్యాలంటే వేసే సూదులకు నా ఒళ్లు తట్టుకోదట.

మన పెద్దోడు జయన్న వచ్చే వారం నలుగురిని వెంటేసుకుని దవాఖానాకు పోయి నిలదీస్తానంటున్నాడు. వాడి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ డాక్టరమ్మ తప్పు ఏమీ లేదు. వాడిని ఆపు. ఈ ఉత్తరం పోస్టులో వేసి వచ్చి మీ అల్లుడికి కూడా చెప్పేస్తాను. ఏమంటారో తెలియదు. భయం కూడా వెయ్యడం లేదు.

నిన్న కల్లంలో ఏరడానికి కూర్చున్నాను. ఒక తాలుకాయ చేతిలోకి వచ్చింది. ఎటు వెయ్యాలో తెలియక పొద్దు వాలేదాకా పట్టుకునే కూర్చున్నాను. మంచికాయంతా మార్కెట్టుకు పంపి, మనింటికి నువ్వు తాలే దంచేదానివి. "తాలైతే ఏంది బిడ్డా, కారం లేదా?" అనేదానివి. ఆ కారం తినే పెరిగాను. సంతకం పెట్టేటప్పుడు ఆ మాట గుర్తుకు రాలేదమ్మా.

ఇట్లు,
నీ చిన్నబిడ్డ
నాగలత