గూడ్సు బండి వెళ్ళాక

శంకర్ నగర్, రాయ్‌పూర్
6 సెప్టెంబరు 2024

ఇంకా కోపం తగ్గని ప్రీతికి,

ఫోనులో నన్ను బ్లాక్ చేశావు. ఇంకో నంబరు నుంచి చేస్తే అదీ బ్లాక్ చేశావు. పోనీ స్వయంగా వెళ్దామని పోయిన ఆదివారం తిల్దా వచ్చాను. మీ గేటు దగ్గర కుక్క నన్ను చూసిన చూపు అచ్చం నీ చూపులాగే ఉంది. తర్వాతి లోకల్‌కే తిరిగి వచ్చేశాను. ఇక మిగిలింది పోస్టుమాన్ ఒక్కడే.

మన పాటకి ఇరవై ఏళ్ళు నిండాయని ఈ నెల పదిహేనున, ఆదివారం, మన కాలేజీలో సభ పెట్టారు. ఒక తరమంతా ఇది తమ పాటే అని ఎందుకనుకుందో నేను అరగంట మాట్లాడాలి. తర్వాత నువ్వు పాడాలి. నువ్వు రానన్న సంగతి నిర్వాహకులకి ఇంకా చెప్పలేదు. చెప్తే కుర్చీలు విరుగుతాయి, అవీ నా మీదే విరుగుతాయి.

మాట్లాడటం నాకేం కష్టం కాదు. ఇరవై ఏళ్ళుగా అదే పని. పాట మధ్యలో అన్నీ ఒక్కసారి ఆగిపోవడం, గూడ్సు బండి చప్పుడు, అది పోయాక నువ్వు 'హా, తో మై క్యా బోల్ రహీ థీ?', అంటే ఇంతకీ నేనేం చెప్తున్నాను అని అడగడం, వెంటనే చిన్నారావు డ్రమ్ము మీద విరుచుకుపడటం, ఇదంతా నేనే కూర్చుని ఆలోచించి రాశానని చెప్పుకుంటున్నాను. 'కొత్త రాష్ట్రంలో గొంతు వెతుక్కునే యువత మౌనం' అని పోయిన నెల పేపరు వాళ్ళతో కూడా అన్నాను. దాని అర్థమేమిటో నాకిప్పటికీ తెలియదు.

నిజం మనకి తెలుసు. గుఢియారీలో పట్టాల పక్కన పెరిగినవాళ్ళం. రైలొస్తే ఏ మాట మీద ఉంటే ఆ మాట మీదే ఆగుతాం. అది పోయాక ఎదుటివాళ్ళు 'ఆ, చెప్పు' అంటారు, ఆగిన చోటి నుంచే ఎత్తుకుంటాం. మీ అమ్మ దాలమ్మ పిన్ని నన్ను తిడుతూ 'ఒరే ఎద' దగ్గర ఆగి, యాభై ఎనిమిది పెట్టెలు వెళ్ళాక 'వా' అనడం ఈ చెవులతో విన్నాను. ఆ రోజు మీ మేడ గదిలో రికార్డు చేస్తుంటే గూడ్సు వచ్చింది. అలవాటు కొద్దీ ముగ్గురం ఆగిపోయాం. టేప్‌రికార్డరు మాత్రం తిరుగుతూనే ఉంది, అది గుఢియారీలో పుట్టలేదు కదా. బండి పోయేసరికి నువ్వు తర్వాతి లైను మర్చిపోయావు. ఆగిన చోటు మర్చిపోయిన మనిషి మన వీధిలో నువ్వొక్కదానివే. 'హా, తో మై క్యా బోల్ రహీ థీ?' అని నన్నడిగావు. అదీ పాటే అనుకుని చిన్నారావు వాయించేశాడు.

ఆ క్యాసెట్టు సీడీ అయింది, మెమరీ కార్డులకెక్కింది, ఆటోల్లో మోగింది. మొన్న మా ఆఫీసు మీటింగులో ఒకమ్మాయి మాట్లాడుతుంటే మేనేజరు అడ్డం పడ్డాడు. ఆయన చెప్పుకునేదంతా చెప్పుకునేదాకా ఆగి, 'హా, తో మై క్యా బోల్ రహీ థీ?' అంది. అందరూ బల్లలు చరిచారు. పాట వచ్చినప్పుడు ఆ పిల్లకి ఎనిమిదేళ్ళు ఉంటాయి. ఇంట్లోనో క్లాసులోనో నోరు మూయించుకున్న పిల్లలందరికీ కావలసింది నీ ప్రశ్న, నా మౌనం కాదు. నాకు చాలా సిగ్గేసింది.

ఆదివారం నిజం చెప్పేస్తాను. అది రైలు గొప్ప, నీ మతిమరుపు, చిన్నారావు తొందర. నా వాటా ఏమీ లేదు. వచ్చి పాడు ప్రీతీ. చిన్నప్పటి స్నేహితుల్లో నాకు మిగిలింది చిన్నారావు ఒక్కడే. వాడు మన మాట వినడు, బల్ల కనిపిస్తే వాయిస్తాడు.

నీ దగ్గర దోషిగా నిలబడ్డ
యుగంధర్


తిల్దా
11 సెప్టెంబరు 2024

ఒరే యుగంధర్,

కుక్క పేరు రాణి. అది అందరినీ అలాగే చూస్తుంది.

ఇన్నేళ్ళకి నిజం చెప్తానంటున్నావు, అదీ తప్పుగానే చెప్పబోతున్నావు. నేను లైను మర్చిపోలేదు. గుఢియారీ పిల్లని, ఎలా మర్చిపోతాను? తర్వాత నువ్వు రాసింది గుర్తుందా? 'తేరే బినా దిల్ మేరా ప్రెషర్ కుక్కర్, సీటీ పే సీటీ, సీటీ పే సీటీ.' నువ్వు లేక నా గుండె ప్రెషర్ కుక్కరు, విజిల్ మీద విజిల్. కింద వంటింట్లో మా అమ్మ, బయట వీధి వీధంతా వింటోంది. దీన్నెలా తప్పించుకోవాలా అని చూస్తుంటే దేవుడిలా గూడ్సు వచ్చింది. యాభై ఎనిమిది పెట్టెలూ పోయేలోగా ఆలోచించుకుని, మర్చిపోయినట్టు నటించి, కావాలనే రాగంలో అడిగాను. వాయించమని చిన్నారావుకి కన్ను గీటింది నేనే. అడిగితే వాడే చెప్పేవాడు, నువ్వెప్పుడూ అడగలేదు.

పేరు నువ్వు కొట్టేశావని నేను మాట మానలేదు. ఆ పేపరాయన ముందు నన్నే అడిగాడు, ఈ ఆలోచన ఎలా వచ్చిందని. 'అసలేమైందంటే' అన్నాను. నువ్వు మధ్యలో దూరి మౌనం, యువత అని మొదలుపెట్టావు. సరే, ఇదీ ఒక బండే, పోతుందిలే అని ఆగాను. నువ్వు ముగించావు. ఆయన పుస్తకం మూసుకుని వెళ్ళిపోయాడు. నువ్వు నా వైపు తిరిగి 'ఆ, చెప్పు' అనలేదు. మన వీధిలో ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా అంటారురా ఆ మాట. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఆదివారం వస్తున్నాను. నీ అరగంట నాకివ్వు. మైకు నా చేతికిచ్చి, అనాల్సిన ఆ రెండు మాటలు అని, పక్కకి జరుగు. అనడం ఆలస్యమైతే కుక్కరు పాట మొత్తం పాడతాను, ఎవరు రాశారో కూడా చెప్పి మరీ పాడతాను.

'అసలేమైందంటే' దగ్గరే ఆగి ఉన్న
ప్రీతి