ఊడేదాకా లాగుతాం

అమీర్‌పేట, జూన్ 3

ఇంప్లాంట్లు తయారుచేసే అయ్యలకు,

నమస్కారం. మాకు సోమవారం తుంటి కీలు మార్చే ఆపరేషన్ పెట్టారు. కొత్త కీలు మీ పంజగుట్ట ల్యాబుదేనట. లోహం మీద ఎముకకు అతుక్కునే పూత ఉంటుందన్నారు డాక్టరుగారు. మా దోసెల పెనం పూత ఆరు నెలల్లో ఊడి దోసెల్లోకి వచ్చింది. ఇది ఊడదని ఏంటి నమ్మకం? కాగితం మీద రాసివ్వండి.

ఇట్లు,
రత్నమాల

తా.క.: పెనం మీది కాదని తెలుసు. కోపం మాత్రం అందరి మీదా ఉంది.

---

పంజగుట్ట, జూన్ 5

రత్నమాల గారికి ఆదాబ్.

నేను పూత పనులు చూసే ఇంజనీరును. ముందు లోహాన్ని గరుకు చేస్తాం. ఎముకలో ఉండే ఖనిజాన్నే వేడి చేసి దానిపై చల్లుతాం. తర్వాత జిగురుతో పట్టించి, ఊడేదాకా లాగుతాం. ఫికర్ వద్దు.

మీ ఒవైస్

తా.క.: నిన్న కూడా ఒకటి లాగాం. మస్తు గట్టిగా ఉంది.

---

అమీర్‌పేట, జూన్ 7

ఒవైస్ బాబుకు,

ఊడేదాకా లాగుతారా! ఎవరి కాలు నాయనా? ఆపరేషన్ వాయిదా వేయించాను. మీ ఉత్తరం చూపిస్తే డాక్టరుగారు నవ్వారు. నవ్వే డాక్టరంటే నాకు భయం.

రత్నమాల

తా.క.: నిన్న లాగించుకున్నాయన అడ్రసు పంపండి. పండ్లు తీసుకెళ్లి పలకరిస్తాను.

---

పంజగుట్ట, జూన్ 10

అమ్మా,

లాగేది మనుషుల్ని కాదు! రూపాయి బిళ్లంత లోహపు ముక్కల్ని, మెషీన్లో పెట్టి. నిజం దాచను: మేం ప్రయత్నిస్తున్న కొత్త పూత ఐదు ముక్కల మీద పెచ్చులుగా లేచింది. కారణం తెలియడం లేదు. మీకు పెట్టేది అది కాదు, పాత రకం. మా టెక్నీషియన్ కమాల్ మాత్రం "భాయ్, గా సంగతి సుత రాస్తున్నవా? ఆంటీ ఆగమైతది!" అంటున్నాడు.

మీ ఒవైస్

తా.క.: పండ్లు ల్యాబుకు పంపినా పర్వాలేదు.

---

అమీర్‌పేట, జూన్ 12

ఒవైస్ బాబుకు,

ఊడిందని ఒప్పుకున్నావు, ఇప్పుడు నమ్మకం కుదిరింది. ఆపరేషన్ పద్దెనిమిదిన. ఇత్తడి గిన్నెకు కళాయి వేసేవాడు ముందు జిడ్డు వదిలిస్తాడు. మీ ముక్కల్ని ఎవరు ఏ చేత్తో పట్టుకుంటున్నారో చూడు.

రత్నమాల

తా.క.: అనుమానం నాకు కమాల్ మీదే.

---

పంజగుట్ట, జూన్ 24

అమ్మా,

నిజమే! కడిగిన ముక్కల్ని కమాల్ గ్లౌజులు లేకుండా పట్టుకుంటున్నాడు, అదీ బిర్యానీ తిన్నాక. గ్లౌజులు తొడిగించాక లాగితే జిగురు ఊడుతోంది గానీ పూత కదలడం లేదు. మీరు నడుస్తున్నారా?

మీ ఒవైస్

తా.క.: కమాల్ మీకు సలాం చెప్పాడు, దూరం నుంచే.

---

అమీర్‌పేట, జూన్ 27

ఒవైస్ గారికి,

నేను రత్నమాల భర్త వీర్రాజును. ఆవిడ కాళ్లు నిక్షేపంగా ఉన్నాయి. తుంటి నాది. ముప్పై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి, కత్తి పడుతుందంటే భయమని నా పేరుతో ఎలా రాయను? "నువ్వడుగు" అని ఆవిణ్ణి బతిమాలాను. వాయిదా పడ్డ రోజున ఇంట్లో సంతోషించింది నేనొక్కణ్ణే. నిన్న వాకర్ పట్టుకుని వీధి చివరిదాకా నడిచాను. రెండేళ్ల తర్వాత. అక్కడ నిలబడి కాసేపు ఏడ్చాను. ఆవిడకు చెప్పకండి.

కృతజ్ఞతలతో,
వీర్రాజు

తా.క.: ఈ ఉత్తరం పోస్టు చేసేది ఆవిడే. చదివి, వచ్చే నెల నుంచి కూరలకు నన్నే వెళ్లమంది.