మీ వేళ్లు ఆనిన చోటు

ఏమండీ,

ఇవాళ మీ మూడో మాసికం. వచ్చినవాళ్లు వెళ్లాక షెడ్డు తలుపు తీశాను. విడవలూరు సముద్రపు గాలి సంగతి మీకు తెలియనిదా, మీ పాతకాలం టాక్సీ రేకు డ్యాష్‌బోర్డు మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. రేకును తినేస్తుందేమోనని నాకు దడ పట్టుకుంది. ఇత్తడి చెంబులకు మల్లే చింతపండూ బూడిదా పెట్టి గట్టిగా తోమాను. ఉప్పుతో పాటు రంగూ లేచిపోయింది. మీరేమో మెత్తటి గుడ్డ తప్ప తగలనిచ్చేవారు కాదు. భయపడి రంగులు వేసే మస్తాన్‌ను పిలిపించాను.

"ఏందక్కా, కారుని కూడా అంట్లలో వేసినావా?" అని నవ్వాడు.

"ఎగతాళి చాల్లే నాయనా. ఆయనుంటే ఏమనేవారో."

అతని నవ్వు ఆగిపోయింది. "బాధపడబాకక్కా. అంతా గీకి కొత్త రంగేస్తా."

స్టీరింగు పక్కన గీకబోతుంటే చేయి అడ్డం పెట్టాను. సవారీల కోసం ఆగినప్పుడల్లా మీరు వేళ్లు ఆనించే చోటది. తమలపాకంత మేర రంగు ఎప్పుడో అరిగిపోయి, రేకు నున్నగా ఉంటుంది. నేను దాన్ని తోమలేదు.

"ఇది మాత్రం ఇట్లే ఉండనీ."

"అన్న చేతి జిడ్డుకి ఇన్నాళ్లు ఆగిందక్కా. ఇంక తుప్పు పడతాది."

రోజూ కొబ్బరినూనె రాస్తానన్నాను. ఎక్కువైతే దుమ్ము పట్టుకుంటుందేమోనని మళ్లీ దిగులు. అందుకని ఇందాక తలకు రాసుకున్నాక, ఆ నూనె వేళ్లనే అక్కడ కాసేపు ఆనించి కూర్చున్నాను.