బట్వారా కాదు, బట్వాడా

సోనారి, జంషెడ్‌పూర్
10 ఫిబ్రవరి 2002

పూజ్యులైన బావగారికి జానకిరామ్ నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ, సన్యాసమ్మ అక్కయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ 'కుంభకర్ణ ప్రబోధం' నాటకాన్ని మీ చెల్లెలు వసంత మా కంప్యూటర్‌లో ఎక్కించడం పోయిన నెలలో పూర్తయింది. ఉగాదికి ఇక్కడి మన తెలుగు సంఘంవాళ్ళు ఆడతామన్నారు. తిరిగి పంపిన చేతిరాత ప్రతిని చెదలు తినేశాయని మీరు రాసినప్పటి నుంచి ఆ కంప్యూటర్ పక్కన తుమ్మాలన్నా నాకు భయంగా ఉంటోంది. లోకంలో ఉన్న ఒకే ఒక్క ప్రతి మా హాల్లో పువ్వుల గుడ్డ కప్పుకుని కూర్చుంది.

ఇప్పుడొక చిక్కు వచ్చింది. కంప్యూటర్‌లో సి, డి అని రెండు భాగాలున్నాయి. సి నిండిపోయింది. డి లో బోలెడు ఖాళీ. సి నిండితే మిషను కదలదు. "పాపా, సీ ఫుల్ హో గయా" అని మా అమ్మాయి లాస్య రోజూ ఒకటే గోల. అంతా తుడిచేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కించమని దుకాణంవాడు సలహా ఇచ్చాడు. తుడిస్తే డి లో ఉన్న మీ నాటకం కూడా పోతుంది. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే బలరామ్ మాత్రం ఏదీ తుడవకుండానే డి లోంచి కొంత తీసి సి కి కలిపి, కొత్తగా బట్వారా చేస్తానంటున్నాడు. బిర్సానగర్‌లో ఉంటాడు, మన శ్రీకాకుళం మనిషే. "ఏటీ పోదు సార్, నానున్నాను కదా!" అన్నాడు. అతను అంత ధైర్యంగా చెప్పేసరికి నాకు ఇంకాస్త భయం వేసింది.

నాటకం మీది. మీరు సరేనంటేనే బట్వారా చేయిస్తాను. వెంటనే జవాబు రాయండి.

మీ
జానకిరామ్

తా.క.: చిరునామాలో ఇంకా బీహార్ అని రాస్తున్నారు. మాది జార్ఖండ్ అయి ఏడాది దాటింది.


పలాస
16 ఫిబ్రవరి

చి. జానకిరామ్‌కు నీలకంఠం ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. ముందుగా ఒక దిద్దుబాటు. అది బట్వారా కాదు నాయనా, బట్వాడా. 'డ'. పోస్టుమాస్టరుగా రిటైరయ్యేదాకా ఆ మాట మీదే అన్నం తిన్నవాణ్ణి నేను. హిందీవాళ్ళ మధ్య ఉండి ఉండి నీకు అక్షరాలు అరిగిపోతున్నాయి. ఇకమీదట నాకు రాసే ఉత్తరంలో ఒక్క హిందీ ముక్క గాని, ఇంగ్లీషు ముక్క గాని కనబడితే చదవను.

నాటకాన్ని బట్వాడా చేయిస్తానన్నావు. ఇంతకన్నా కావలసిందేముంది? నిరభ్యంతరంగా చేయించు. సి నిండింది, డి ఖాళీ అనగానే సంగతి నాకు అర్థమైపోయింది. బీట్లు! పోస్ట్‌మాన్లకి పంచిచ్చే వీధులు! మా పలాసలోనూ ఇదే తంటా. సి బీటు పోస్ట్‌మాన్ సంచి మోయలేక ఆయాసపడుతుంటే, డి బీటువాడు పొద్దున్నే పని ముగించుకుని టీ కొట్టు దగ్గర బెంచీ అరగదీసేవాడు. అయితే నువ్వు డి లోంచి తీసి సి కి కలుపుతానంటున్నావేమిటి? నిండినవాడి నెత్తిన ఇంకా మోపుతావా? తిరగేసి రాసినట్టున్నావు. బలరామ్‌కి చెప్పు, పాపం వాడూ మనిషే కదా, సి వీధులే డి కి కలపమను.

నాటకం మా కలెక్టరుగారికీ, హైస్కూలు హెడ్మాస్టరుకీ తప్పకుండా అందాలి. ఇదివరకు దీన్ని తిప్పి పంపిన పత్రికవాళ్ళకి మాత్రం రిజిస్టర్డ్‌లో పంపు. సంతకం పెట్టి తీసుకోవాలి వాళ్ళు.

ఇట్లు
నీలకంఠం

తా.క.: పిన్‌కోడ్ సరిగ్గా ఉంటే రాష్ట్రం పేరు ఎవడూ చూడడు. ఇది శాఖాపరమైన రహస్యం, ఎవరికీ చెప్పకు.


సోనారి
23 ఫిబ్రవరి

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీరు కోప్పడ్డారు కాబట్టి పరాయి ముక్క ఒక్కటి కూడా లేకుండా రాస్తున్నాను. ఈ ఉత్తరానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

నేను చెప్పింది మీ బట్వాడా కాదు. పంపకం. మా జాగాను మొదట్లోనే రెండు వాటాలు చేసి ఇచ్చారు. చిన్న వాటా నేను వాడుకుంటున్నాను, పెద్ద వాటాలో వసంత సామగ్రి ఉంది. నా వాటా ఇరుకైపోయి ఊపిరాడడం లేదు. తన వాటాలో చాలామటుకు ఖాళీగా పడి ఉంది. అందుకని వచ్చే ఆదివారం మధ్యలో గట్టును తన వైపుకి జరిపిస్తున్నాను. లోపలున్నవి ఏవీ పోవు, పడగొట్టి మళ్ళీ కట్టుకోనక్కర్లేదు. బలరామ్‌కి ఇందులో మంచి అనుభవం ఉంది. ఇదివరకు చాలామంది గట్లు జరిపాడు. పని జరుగుతున్నంతసేపూ ఎవరూ ముట్టుకోకూడదని మాత్రం హెచ్చరించాడు.

వసంత ఏమీ అనలేదు. మీరు నిశ్చింతగా ఉండండి.

మీ
జానకిరామ్

తా.క.: గట్టు జరిపేటప్పుడు మీ నాటకానికేమైనా అయితే నన్ను క్షమించాలి.


పలాస
1 మార్చి

జానకిరామ్‌కు,

ఆశీస్సులు తరవాత చూద్దాం.

జాగా ఎప్పుడు కొన్నారు? నాకొక్క కార్డు ముక్క రాయలేకపోయావా? ఉత్తరం చదివి వినిపిస్తే మీ అక్కయ్య అన్నమాట: "ఏటయ్యా, జాగా కొన్నోళ్ళు ఒక్క మాట సెప్పకూడదేటి? పిలిత్తే మనం సీరట్టుకుని ఎళ్ళమా?" అది అలా ఉంచు. కొన్నది చాలక మొగుడూ పెళ్ళాల మధ్య వాటాలా? వాటాలు చాలక గట్టా? గట్టు చాలక దాన్ని నా చెల్లెలి వైపుకి జరపడమా! పైగా అందులో ఆరితేరిన మనిషిని పెట్టుకుని! చాలామంది గట్లు జరిపినవాడని నువ్వే గొప్పగా రాశావు. మా వైపు అలాంటివాణ్ణి పోలీసులు చూసుకుంటారు.

వసంత ఏమీ అనలేదా? చిన్నప్పటినుంచీ అది ఏమీ అనదు. అనకుండానే తను చేసేది చేస్తుంది. దాని మౌనం చూసుకుని మురిసిపోకు.

తాలూకా సర్వేయరుగా చేసి రిటైరైన మా భీమారావు కొలత గొలుసుకి నూనె రాసి సిద్ధంగా కూర్చున్నాడు. గట్టు ఎక్కడ ఉండేదో అక్కడికి రాకపోతే ఇద్దరం రైలెక్కుతాం. అందాకా నా నాటకాన్ని నువ్వు ఆడించడానికి వీల్లేదు. ఇరవై ఏళ్ళు రాసుకున్న నాటకం అది. చెల్లెలి జాగా లాక్కున్నవాడి ఇంట్లోంచి అది బయటికి రావడం నాకు ఇష్టం లేదు.

నీలకంఠం

తా.క.: నా నాటకానికేమైనా అయితే అంటావా? గట్టు తగాదాలో కుంభకర్ణుడేం చేశాడు నిన్ను?


సోనారి
7 మార్చి

బావగారూ, బావగారూ,

కంప్యూటర్! కంప్యూటర్! కంప్యూటర్! ఇంగ్లీషు రాసినందుకు తిట్టుకోండి గాని, ముందిది పూర్తిగా చదవండి.

మేము జాగా కొనలేదు. కొనడానికి నా దగ్గర ఏముంది? నేను చెప్పింది కంప్యూటర్ లోపల హార్డ్ డిస్క్ అని ఉంటుంది, దాని సంగతి. మీ చెక్క పోస్టుడబ్బాలో మధ్య పలక పెట్టి రెండు అరలు చేసినట్టు అనుకోండి. ఆ పలకనే కాస్త పక్కకి జరిపాం. హిందీలో పంపకాన్ని బట్వారా అంటారు. అది మీకు బట్వాడా అయింది. ఇక నా స్వచ్ఛమైన తెలుగు నన్ను దొంగను చేసింది. భీమారావుగారిని గొలుసు తుడిచి లోపల పెట్టుకోమనండి. మా హార్డ్ డిస్క్ మొత్తం కలిపి నా అరచెయ్యంత ఉంటుంది.

ఆదివారం పని అయిపోయింది. తెర మీద నీలం గీత పాకుతుంటే వసంత దీపం పెట్టింది, ముట్టుకోవద్దంటూ లాస్య "మత్ ఛూనా!" అని అందరి మీదా అరిచింది, నేను వీధిలోకి పోయి నిలబడ్డాను. కాసేపటికి బలరామ్ కేకేశాడు: "రండి సార్, అన్నీ ఉన్నాయి. కుంభకర్ణుడు కూడా ఉన్నాడు, పడుకునే ఉన్నాడు."

నమ్మరని నాటకం మొత్తం కాగితాల మీద అచ్చు తీయించి దీనితో పంపుతున్నాను. ఒక్క అక్షరం పోలేదని మీరే సరిచూసుకోండి. అచ్చు తీస్తానంటే వసంత ఎందుకో చాలా అడ్డుపడింది. ఇంకు దండగ అంది, కాగితాలు లేవంది, అన్నయ్యకి కళ్ళు నొప్పి అంది. నేను వినలేదు.

సంఘంవాళ్ళు నన్ను రోజూ అడుగుతున్నారు. నాటకానికి మీరు సరేనని రాయండి బావగారూ. లేకపోతే వీళ్ళకి ముఖం చూపించలేను.

మీ
జానకిరామ్

తా.క.: వసంత ఆ కట్ట పోస్టులో వేయడానికి తనే వెళ్తానంది. అది ఎక్కడ తప్పిపోతుందోనని నేనే వెళ్ళి వేశాను.


పలాస
20 మార్చి

చి. జానకిరామ్‌కు ఆశీస్సులు. ఈసారి నిజంగానే.

కట్ట చేరింది. ఒక్క అక్షరం పోలేదన్నావు కదా, సరిచూశాను. కుంభకర్ణుడు నిద్రలేవగానే పాడే పదకొండు పద్యాలూ లేవు! మండోదరి విలాపం లేదు. నారదుడైతే మనిషే లేడు. మీ బలరామ్ మీద పైవాళ్ళకి ఫిర్యాదు రాయడానికి కాగితం తీశాను.

తీసి, పద్యాలుండవలసిన చోటు మళ్ళీ చూశాను. అక్కడ ఈ మాటలున్నాయి:

కుంభకర్ణుడు: "అన్నయ్యా, తెల్లారిందా? ముందు అన్నం పెట్టించు. తప్పెవరిదో తింటూ వింటాను."

యంత్రం పోగొడితే అక్కడ ఖాళీ ఉండాలి గాని మాట ఉండదు. ఆ మాటతీరు నేను ఎరగనిదా? చిన్నప్పుడు నేను పద్యం ఎత్తుకుంటే వంటింట్లోంచి ఇలాగే వినబడేది. మీ కంప్యూటర్ ఏమీ మింగలేదు నాయనా. నా నాటకాన్ని టైపు చేస్తానని తీసుకుని, నా చెల్లెలు దాన్ని మళ్ళీ రాసింది. డి లో అంత ఖాళీ ఎలా వచ్చిందో నాకిప్పుడు తెలిసింది.

కోపం వచ్చింది. చాలా వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, దాచను. రెండు రోజులు ఆ కట్ట ముట్టుకోలేదు. తరవాత మీ అక్కయ్య చదవమంటే చదివాను. నవ్వి నవ్వి, పైట నోట్లో కుక్కుకుంది. "ఏటయ్యా, ఇంత బాగా రాసినోడివి ఇన్నాళ్ళూ ఎందుకు దాసీసినావు?" అంది. ఇరవై ఏళ్ళలో ఆవిడ రెండో అంకం దాటి మెలకువగా ఉండడం ఇదే మొదలు. చివర్లో కుంభకర్ణుడు యుద్ధానికి వెళ్తూ, "వస్తే భోజనానికి పిలు అన్నయ్యా" అన్నచోట ఇద్దరమూ కళ్ళు తుడుచుకున్నాం. ఆ ఒక్క ముక్క నాకు ఇరవై ఏళ్ళుగా దొరకలేదు.

నాటకం ఆడించు. కరపత్రంలో 'రచన: వసంతలక్ష్మి' అని పెద్దక్షరాల్లో వేయించు. కింద, 'కొన్ని పద్యాలు: నీలకంఠం' అని చిన్నక్షరాల్లో చాలు. నిజానికి నాలుగే మిగిల్చింది గాని, కొన్ని అంటే బాగుంటుంది. దాన్ని ఏమీ అనకు. నేనూ ఏమీ అనను. కరపత్రం చూసినప్పుడు దాని ముఖం ఎలా ఉంటుందో చూడాలని ఉంది, అందుకని ఉగాదికి మేమిద్దరం వస్తున్నాం.

ఇట్లు
వసంత అన్నయ్య
నీలకంఠం

తా.క.: తీసేసిన పదకొండు పద్యాలూ నాకు నోటికి వచ్చు. నాటకం అయిపోయాక జనం లేవకుండా కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే మీ సంఘంవాళ్ళని నాకు చెప్పమను. హాలు నేను ఖాళీ చేయిస్తాను.