ఇనుప గ్రహం బృందానికి శనివారం హాలు

ఎస్టేట్ అధికారి గారికి,
ఫ్యాక్టరీ క్వార్టర్స్, పటాన్‌చెరు.
తేది: 12-10-1998

అయ్యా,

విషయం: కమ్యూనిటీ హాలులో శనివారం సాయంత్రం మాకు ఇచ్చిన రెండు గంటలు రద్దు చేయవద్దని మనవి.

1. నేను మెషిన్ షాపులో టర్నర్‌ను. 'ఇనుప గ్రహం' అను హార్డ్ రాక్ బృందంలో గిటారు వాయించువాడను. దరఖాస్తు ఫారంలో భజన, నాటకం, క్రీడలు అని మూడు గళ్ళే ఉండుటచే తమ గుమాస్తా మమ్ములను భజన గడిలో వేసినారు. మేము కిమ్మనలేదు. అది మా తప్పే.

2. మా బృందం ఒక ఆట వలన పుట్టినది. బల్ల మీద అట్ట పరచి, అంతరిక్షంలోని గ్రహాల కోసం పాచికలతో యుద్ధం చేయు ఆట. మా నలుగురిలో ఒకడైన కామేశ్వరరావు దాని పుస్తకం జిరాక్సు తెచ్చినాడు. బొమ్మలు దొరకక స్క్రాపు నట్లు, వాషర్లనే సైనికులుగా నిలబెట్టితిమి (గేటు పాసు కలదు). ఓడినవాడు చచ్చిపోయిన తన సైన్యం మీద పాట కట్టవలెనని మా నియమం. మొత్తం పదకొండు పాటలు, అందులో తొమ్మిది మా డ్రమ్మర్ లింగానివి. వాడికి ఆట బొత్తిగా రాదు. డ్రమ్ములు మాత్రం హాలు రేకులు ఎగిరేటట్లు కొట్టేవాడు.

3. నలుగురు సభ్యులు హాజరు కానిచో హాలు ఇవ్వరాదని ఆగస్టులో తమ నోటీసు వచ్చినది. కామేశ్వరరావుకు భోపాల్ బదిలీ అయినది. వెంకటేశం పెళ్లయ్యాక కీబోర్డు అటక మీద పెట్టేసినాడు. లింగం పనిచేసే కంపెనీ మూతబడగా, చిట్కుల్‌లో గది ఖాళీ చేసి బొంబాయి పోయినాడు. "డ్రమ్ములు నీ తాననే ఉంచు అన్నా, మల్లొస్త" అన్నాడు. ఏప్రిల్ నుంచి ఉత్తరం లేదు.

4. గత ఎనిమిది వారాలుగా రిజిస్టరులో నలుగురి సంతకాలు నేనే చేసితిని. ఒప్పుకొనుచున్నాను. లింగం సంతకం వంకరగా పెట్టేటప్పుడు వాడు పక్కనే ఉన్నట్టుండేది.

5. ఆట కూడా రెండు వైపులా నేనే ఆడుచున్నాను. వాచ్‌మన్ ఐలన్న చూసి, "ఏంది తమ్మీ, ఒక్కనివే రెండు దిక్కుల కూసుంటున్నవ్? ఇంతకూ గెల్సిందెవరు?" అని అడిగినాడు. ఒక్కడే ఆడితే ఓడినవాడంటూ ఉండడు. అందుచే కొత్త పాట రాలేదు.

6. క్వార్టర్‌లో వాయించితే పక్కింటి కనకమహాలక్ష్మి గారు గోడ బాదుతారు. హాలు కూడా పోతే వారమంతా నాకు లేత్ మిషను తప్ప తోడు లేదు. చాలా ఒంటరిగా ఉందండీ. ఈ మాట అర్జీలో రాయవచ్చునో లేదో తెలియదు.

కావున, దొంగ సంతకాలకు ఏ శిక్ష అయినా విధించి, సభ్యుల సంఖ్యను ఒకటిగా సవరించి హాలు ఇప్పించగోరుచున్నాను. ఒక్కడి మొర అని తోసివేయక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
భానోజీరావు
(బృందంలో మిగిలినవాడు)

తా.క.: శనివారం ఆఫీసు మూశాక తమరు ఇంటికి పోకుండా క్యాంటీన్‌లో ఒక్కరే కూర్చుంటారని ఐలన్న చెప్పాడు. హాలు అక్కడికి దగ్గరే సార్. ఆట రాకపోయినా ఫర్వాలేదు, నేను నేర్పుతాను. ఒక్కసారి వచ్చి నన్ను ఓడించండి. పాట నేను రాసుకుంటాను.