గడ్డివాము కింద హద్దురాళ్లు

1946, శ్రావణ శుక్రవారం, రాత్రి

మిలిటరీ ఏరోడ్రోమ్ కోసం మా చేను తీసుకున్న రోజే నాయన నాలుగు హద్దురాళ్లూ పెరికి తెచ్చి గడ్డివాము కింద దాచాడు. యుద్ధం అయిపోగానే చేను తిరిగి ఇస్తారని, అప్పుడు మళ్లీ పాతుకోవాలని ఆయన ఆశ. వాళ్లు రాయించుకున్న కాగితంలో అలాగే ఉందని చదివి వినిపించింది అన్నే.

సైనికులు వెళ్లిపోయారు. ఈ ఉదయం రాళ్లు బండికెత్తుకుని ముగ్గురం వెళ్లాం. గేటు దగ్గర గుమాస్తా ఆ పాత కాగితమే తీసి చూపించాడు.

నాయన నవ్వాడు. "సదువప్పా, మా పెద్దోడు సెప్పిందే ఉంటాది దాంట్లో."

"మీవోడే సదువుతాడులే," అని గుమాస్తా దాన్ని నా చేతిలో పెట్టాడు.

చేను శాశ్వతంగా ఇచ్చేసినట్టు రాసి ఉంది. కింద నాయన వేలిముద్ర. దాని పక్కన సాక్షిగా అన్న సంతకం. ఆ నెలలోనే అన్నకు ఏరోడ్రోమ్‌లో మేస్త్రీ పని దొరికితే, దేవుడి దయ అనుకున్నాం మేమంతా! అన్న వైపు చూశాను. ఎద్దు మెడ నిమురుతూ నిలబడ్డాడు. తల ఎత్తలేదు.

"యేముండాదిరా?" అని అడిగాడు నాయన.

"ఇంకొన్నాళ్లు పడతాదంట నాయనా."

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. నాయన మీద జాలా, అన్న మీద ఇంకా మిగిలిన ప్రేమా...

రాళ్లు మళ్లీ గడ్డివాము కిందికి చేరాయి. పక్క గదిలో అన్న గురక పెడుతున్నాడు. లేపి నిలదీయాలని రెండుసార్లు తలుపు దాకా వెళ్లాను. ఏ మొహంతో అడగను? నాయనకు ఆ కాగితం తప్పు చదివిన కొడుకులం ఇప్పుడు ఇద్దరం.